బోర్డు మీద స్టిక్కర్ అంచులు ఎందుకు లేస్తాయి? లేవకుండా పని ఎలా ముగించాలి?

ఈసారి టాపిక్ మీ వీధి చివర్లోనే ఉంది. ఫోన్ కాసేపు జేబులో పెట్టి, ఏ బజార్లోనైనా దుకాణాల బోర్డులు చూస్తూ ఒక పది నిమిషాలు నడవండి. మధ్యలో అక్షరాలు బాగానే ఉంటాయి. రంగు కూడా పెద్దగా పోయి ఉండదు. కానీ కింది మూల దగ్గర స్టిక్కర్ కుక్క చెవిలా లేచి ఉంటుంది. ఇంకో బోర్డుకి అంచు పొడవునా నల్లటి మురికి గీత ఉంటుంది. మరోదానికి సగం పీలిక గాలికి కొట్టుకుంటూ ఉంటుంది. ఏ ఊరికి వెళ్లినా పాడవడం అంచు దగ్గరే మొదలవుతుంది. ఎందుకు?

మొదట పేర్లు. కొందరు రేడియం అంటారు, కొందరు స్టిక్కర్ అంటారు, పని చేసేవాళ్లు వినైల్ అంటారు. మనం మాట్లాడుకునేది వెనక జిగురు ఉన్న పల్చటి పీవీసీ ఫిల్మ్ గురించి. దాన్ని అంటించే పలక ఇప్పుడు ఎక్కువగా ఏసీపీ షీటు. కొన్నిచోట్ల సన్‌బోర్డు, యాక్రిలిక్, జీఐ రేకు కూడా వాడతారు.

మన ఎపిసోడ్లు చూసేవాళ్లలో చిన్న కటింగ్ ప్లాటర్ కొనుక్కుని ఊళ్లో స్టిక్కర్ షాపు పెట్టినవాళ్లున్నారు, పెడదామని చూస్తున్నవాళ్లున్నారు. వాళ్లకి ఇది అందం విషయం కాదు, డబ్బు విషయం. బోర్డు ఒకసారి పైకెక్కాక మూల లేచిందంటే నిచ్చెన కావాలి, ఇద్దరు మనుషులు కావాలి, ఒక పూట పోతుంది. ఆ పూటకి కస్టమర్ డబ్బులివ్వడు. పైగా వెళ్లాక లేచిన చోట నొక్కితే సరిపోదు. జిగురుకి అప్పటికే దుమ్ము పట్టేసి ఉంటుంది, ఇక అది దేనికీ అంటుకోదు. మా సాఫ్ట్‌వేర్లో ఎడ్జ్ కేస్ అనే మాట ఒకటుంది, ప్రోగ్రామ్ ఎక్కువగా పగిలేది అక్కడే. ఇక్కడ ఆ మాట అక్షరాలా నిజం.

సరే, అంచే ఎందుకు? కొత్త స్టీలు గిన్నె కొంటే దాని మీద స్టిక్కర్ ఉంటుంది కదా. దాన్ని ఎలా తీస్తారు? మధ్యలో పట్టుకుని పక్కకి లాగరు. లాగినా రాదు. గోటితో మూల గీకుతారు. మూల లేస్తే మిగతాది పైకి ఒలిచేస్తారు. జిగురు పక్కకి లాగే బలాన్ని బాగా తట్టుకుంటుంది, ఎందుకంటే ఆ బలం మొత్తం వైశాల్యం మీద పంచుకుంటుంది. పైకి ఒలిచేటప్పుడు మాత్రం ఆ బలమంతా ఒక సన్నటి గీత మీదే పడుతుంది. ఫిల్మ్ మధ్య భాగానికి నాలుగు వైపులా పట్టుకునే ఇరుగుపొరుగు ఉంటుంది. అంచుకి ఒక వైపు ఎవరూ ఉండరు. మూలకైతే రెండు వైపులా ఉండరు.

మరి బోర్డు మీద గోటితో గీకేది ఎవరు? మూడు నాలుగు శక్తులు కలిసి గీకుతాయి. మొదటిది ఎండ. ఏసీపీ షీటు వేడికి వ్యాకోచిస్తుంది. 8 అడుగుల షీటు 20 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకి వేడెక్కితే పొడవు 2 మిల్లీమీటర్లకి పైగా పెరుగుతుంది. అదే పొడవు యాక్రిలిక్ అయితే 6 మిల్లీమీటర్లు దాటుతుంది. మన ఎండాకాలంలో ముదురు రంగు బోర్డు 60 డిగ్రీలకి చేరడం వింతేమీ కాదు. రాత్రికి మళ్లీ తగ్గుతుంది. పలక రోజూ ఇలా సాగుతూ ముడుచుకుంటూ ఉంటే పైనున్న ఫిల్మ్ కూడా దాంతో పాటు కదలాలి. రెండోది వాన. సందు దొరికితే నీళ్లు లోపలికి పాకుతాయి, వెంట మట్టినీ తీసుకెళతాయి. మూడోది గాలి, దుమ్ము, బోర్డు తుడిచే గుడ్డ.

అన్నిటికంటే ముఖ్యమైనది నాలుగోది. అది బయట లేదు, ఫిల్మ్ లోపలే ఉంది.

పరోటా చేసేటప్పుడు చూశారా? మైదా ముద్దని కర్రతో ఒత్తి పెద్దది చేస్తాం. చెయ్యి తీయగానే అది మెల్లిగా వెనక్కి ముడుచుకుంటుంది. మామూలుగా దొరికే చవక వినైల్ ఇలాగే తయారవుతుంది. వేడి రోలర్ల మధ్య పీవీసీని ఒత్తి, లాగి, పల్చగా చేస్తారు. దాన్ని క్యాలెండర్డ్ ఫిల్మ్ అంటారు. లాగి పల్చగా చేశారు కాబట్టి వెనక్కి ముడుచుకోవాలన్న గుణం అందులో మిగిలే ఉంటుంది. వేడి తగిలినప్పుడల్లా ఆ గుణం కొంచెం కొంచెంగా బయటికొస్తుంది. ఇంకో రకం కాస్ట్ ఫిల్మ్. అది దోసెలాంటిది. ద్రవంగా ఉన్న పీవీసీని ఒక నున్నటి షీటు మీద పల్చగా పోసి, ఓవెన్‌లో ఆరబెడతారు. ఎవరూ లాగలేదు కాబట్టి వెనక్కి ముడుచుకోవాల్సిన అవసరం దానికి చాలా తక్కువ. పల్చగా కూడా ఉంటుంది, సుమారు 50 మైక్రాన్లు. మామూలు క్యాలెండర్డ్ 80 నుంచి 100 మైక్రాన్ల దాకా ఉంటుంది. మందంగా ఉంటే గట్టిదని చాలామంది అనుకుంటారు. అంచు విషయంలో ఇది తిరగబడుతుంది. మందపు ఫిల్మ్ వంగిన చోట స్ప్రింగులా నిటారుగా లేవాలని చూస్తుంది.

క్యాలెండర్డ్‌లోనే మళ్లీ రెండు రకాలు, మోనోమెరిక్, పాలిమెరిక్. పీవీసీ మెత్తగా ఉండటానికి అందులో ప్లాస్టిసైజర్ కలుపుతారు. మోనోమెరిక్‌లో ఆ అణువులు చిన్నవి, త్వరగా బయటికి వెళ్లిపోతాయి. అవి పోతే ఫిల్మ్ పెళుసెక్కుతుంది, ముడుచుకుంటుంది. రెండేళ్ల పాత బోర్డు మీద అక్షరం చుట్టూ సన్నటి జిగురు గీత, దానికి నల్లటి మురికి కనిపిస్తే అర్థం ఇదే. అక్షరం చిన్నదైంది, జిగురు అక్కడే ఉండిపోయింది. పండగ ఆఫర్ బోర్డుకి మోనోమెరిక్ చాలు. ఐదేళ్లు ఉండాల్సిన దుకాణం పేరుకి అది వేసి, అంచులు ఎంత జాగ్రత్తగా కోసినా లాభం లేదు. ఈ మాట కస్టమర్‌కి ముందే చెప్పాలని నా అభిప్రాయం. రెండు రేట్లు చెప్పండి, తేడా ఎందుకో చెప్పండి, తర్వాత ఆయన ఇష్టం.

ఇప్పుడు పలక సంగతి. (ఏసీపీ ముక్కని పక్క నుంచి చూపిస్తూ) ఇది 3 మిల్లీమీటర్ల షీటు. పైనా కిందా అల్యూమినియం పొర ఉంది, ఒక్కోటీ పావు మిల్లీమీటరు అటూ ఇటూ. మధ్యలో నల్లగా కనిపిస్తున్నది పాలిథిన్. మామూలు ఏసీపీలో ఇదే ఉంటుంది, పాల ప్యాకెట్ కుటుంబానికి చెందిన ప్లాస్టిక్కే. పాల ప్యాకెట్ మీద సెల్లో టేపు అంటించి చూడండి, ఎంత తేలిగ్గా ఊడొస్తుందో. అంటే బోర్డు ముఖం మీద బాగా పట్టుకునే జిగురు, దాని మందం మీద సరిగ్గా పట్టుకోదు. ఇది గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పని పడుతుంది.

ఇంకోటి, షీటు కోసినప్పుడు అంచున రేకు కొంచెం పైకి లేచి ముల్లులా ఉంటుంది. వేలితో తడిమితే గరగరలాడుతుంది, కంటికి కనపడదు. దాని మీద స్టిక్కర్ వేస్తే ఫిల్మ్ ఆ ముల్లు మీద గుడారంలా నిలబడుతుంది. దాని వెనకే సన్నటి గాలి సొరంగం ఏర్పడుతుంది. వాన నీళ్లకి అది కాలువ. కాబట్టి అంచు పని మొదలయ్యేది స్టిక్కర్ వేయకముందు. సన్నటి ఆకురాయితో గానీ, చెక్కముక్కకి చుట్టిన ఉప్పు కాగితంతో గానీ నాలుగు అంచులూ ఒకసారి లాగండి. పదును చచ్చి, వేలికి నున్నగా తగలాలి. మూలల్ని కూడా కొద్దిగా గుండ్రం చేస్తే మంచిది, ఒలవడానికి కొన దొరకదు.

తర్వాత శుభ్రం చేయడం. షీటు మీద వచ్చే రక్షణ పొరని అంటించే ముందే తీయండి, ముందురోజు కాదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడిచి, అది ఆరిపోకముందే ఇంకో పొడి గుడ్డతో తుడిచేయాలి. దానంతట అది ఆరితే జిడ్డు కరిగి మళ్లీ అక్కడే కూర్చుంటుంది. అందరూ మధ్యలో బాగా తుడుస్తారు. కానీ షీటు ఎత్తేటప్పుడు మనం పట్టుకునేది అంచుల్నే. వేళ్ల జిడ్డు, ఆకురాయి పొడి, అన్నీ అక్కడే. చివరి తుడుపు అంచులకే ఇవ్వండి. పక్కన హీట్ గన్ ఆన్‌లో ఉంటే మాత్రం ఈ సీసా మూత తీయొద్దు, ఇట్టే అంటుకుంటుంది.

ఇక ముఖ్యమైన నిర్ణయం. స్టిక్కర్ ఎక్కడ ఆగాలి? దానికి నాలుగు చోట్లున్నాయి.

అంచుకి 2, 3 మిల్లీమీటర్లు ఇవతలే ఆపేయొచ్చు. చుట్టూ పలక రంగు సన్నటి గీతలా కనిపిస్తుంది. పలక రంగు, డిజైన్ కలిస్తే ఇది బోర్డరులా అందంగానే ఉంటుంది. గుడ్డ తగలదు, చెయ్యి తగలదు. తేలికైన పద్ధతి, నన్నడిగితే కొత్తవాళ్లకి ఇదే మంచిది. రెండోది, సరిగ్గా అంచుతో సమానంగా కోయడం. మూడోది, అంచు మీదుగా మడిచి వెనక వైపు అంటించడం. నాలుగోది, అంచుని అల్యూమినియం ఫ్రేములోనో బీడింగులోనో దాచేయడం. ఫ్రేము ఎలాగూ వేస్తున్నారంటే మిగతా తంటా అంతా సగం తగ్గినట్టే. కింద నీళ్లు నిలవకుండా చిన్న దారి మాత్రం ఉంచండి.

చేయకూడని ఐదోది ఒకటుంది, అదే ఎక్కువగా కనిపిస్తుంది. ఫిల్మ్‌ని మడిచి, ఆ 3 మిల్లీమీటర్ల మందం మీదే ఆపేయడం. ముందు నుంచి చూస్తే చాలా నీట్‌గా ఉంటుంది, ఫొటోలో ఇంకా బాగుంటుంది. కానీ ఇందాకటి పాల ప్యాకెట్ గుర్తుందా? పట్టు లేని పాలిథిన్ మీద, మడత స్ప్రింగు బలంతో, 3 మిల్లీమీటర్ల జిగురు ఎన్నాళ్లు ఆగుతుంది? మడవాలనుకుంటే వెనక్కి కనీసం ఒక అంగుళం వెళ్లాలి, అక్కడ మళ్లీ అల్యూమినియం దొరుకుతుంది. లేదంటే ముఖం మీదే ఆగిపోండి.

సమానంగా కోయడం ఎలాగో చూద్దాం. చాలామంది బోర్డు మీదే స్కేలు పెట్టి కట్టర్ దింపుతారు. అది వద్దు. కత్తి గీత పలక పూతని కూడా కోస్తుంది. జీఐ రేకు అయితే ఆ గీతలో తుప్పు మొదలవుతుంది, విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో మరీ త్వరగా. యాక్రిలిక్ అయితే పగులు అక్కడి నుంచే పాకొచ్చు.

నాకు బాగా నచ్చినది ఆకురాయి పద్ధతి. స్టిక్కర్‌ని చుట్టూ ఒక సెంటీమీటరు బయటికి వచ్చేలా అంటించండి. స్క్వీజీతో మధ్య నుంచి అంచుకి గాలి తోసేయండి. ఇప్పుడు సన్నటి ఆకురాయిని అంచు మీద సుమారు 45 డిగ్రీలు వాల్చి, ముఖం వైపు నుంచి వెనక వైపుకి, కిందికి మాత్రమే లాగండి. (చేసి చూపిస్తూ) ఒకే దిశ. నాలుగైదు లాగులకి ఫిల్మ్ అంచు దగ్గర తెగి, రిబ్బన్‌లా కింద పడిపోతుంది. ప్రతి లాగుకీ అంచు ఇంకాస్త కిందికే నొక్కుకుంటుంది, అందుకే ఈ దిశ. ముందుకీ వెనక్కీ రుద్దారంటే, వెనక్కి వచ్చే ప్రతిసారీ మీరే అంచుని ఎత్తుతున్నట్టు. ఆకురాయి లేకపోతే చెక్కకి చుట్టిన 180 లేదా 220 నంబరు ఉప్పు కాగితం చాలు. మొదట ఒక పనికిరాని ముక్క మీద చేయి తిప్పుకోండి.

కత్తితోనే చేస్తామంటే, బోర్డుని శుభ్రమైన కటింగ్ మ్యాట్ మీద బోర్లా పెట్టి, బ్లేడుని పలక పక్కకి ఆనించి లాగండి. పలకే స్కేలు అవుతుంది. బ్లేడు కొన మాత్రం తరచూ విరవండి. మొద్దు బ్లేడు కోయదు, ఫిల్మ్‌ని లాగుతుంది. లాగితే అంచున అది సాగుతుంది, సాగినది ఎండలో ముడుచుకుంటుంది. బ్లేడు ముక్కలో మిగిలే పైసలు ఎక్కడికి పోతాయో చూశారు కదా.

వెనక్కి మడిచేవాళ్లకి మూల దగ్గరే చిక్కు. స్కూల్లో పుస్తకాలకి అట్టలు వేశాం కదా, అదే లెక్క. మూల దగ్గర ఫిల్మ్‌ని ఏటవాలుగా కోయాలి, కానీ సరిగ్గా మూల చివర దాకా కోయకూడదు. 3 మిల్లీమీటర్ల పలకకి మూల నుంచి 4, 5 మిల్లీమీటర్లు వదిలి కోయండి. లేకపోతే మడిచాక మూల కొన బయటపడి, తెల్లగా కనిపిస్తుంది. మడిచేటప్పుడు గట్టిగా లాగొద్దు. కొద్దిగా వేడి చూపించి, మెత్తబడ్డాక వేలితో నొక్కుకుంటూ పొండి. ఈ పనికి కాస్ట్ ఫిల్మే వాడండి. కాస్ట్‌లో కూడా సాగదీసిన చోట చివర్లో మరోసారి బాగా వేడి ఇవ్వాలి, అప్పుడే అది పాత ఆకారం మర్చిపోతుంది. ఎన్ని డిగ్రీలన్నది ఆ ఫిల్మ్ కంపెనీ డేటా షీటులో ఉంటుంది. ఫోన్లో రెండు నిమిషాల పని, వెతికి చదవండి. అంచు కరిగి అతుక్కుంటుందని కొందరు లైటర్ పెడతారు. దయచేసి వద్దు. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, ఊపిరితిత్తులకి మంచిది కాదు.

ప్రింట్ చేసిన వినైల్ అయితే ఇంకో మెలిక. ఎకో సాల్వెంట్ ఇంకు పైకి ఆరినట్టు కనిపించినా, సాల్వెంట్ ఫిల్మ్ లోపలే కొంత ఉంటుంది. అది ఫిల్మ్‌నీ జిగురునీ మెత్తబరుస్తుంది. వెంటనే లామినేషన్ చేస్తే అది లోపలే చిక్కుకుపోతుంది. తర్వాత అంచులు చుట్టుకుంటాయి. కనీసం 24 గంటలు, బిగుతుగా చుట్టకుండా, వదులుగా ఆరనివ్వండి. పెళ్లి రేపే, బోర్డు ఇవాళే కావాలంటారు కస్టమర్లు, తెలుసు. రెండు రోజుల పెళ్లి బోర్డుకి పర్లేదు. దుకాణం బోర్డుకి మాత్రం ఆ తొందర ఒప్పుకోవద్దు. లామినేషన్ ఫిల్మ్ కూడా కింద ఉన్న ఫిల్మ్ రకమే కావాలి, కాస్ట్ మీద కాస్ట్. కాస్ట్ మీద చవక క్యాలెండర్డ్ లామినేషన్ వేస్తే పైది ముడుచుకుంటూ కింది దాన్ని వెంట లాక్కెళుతుంది.

పెద్ద బోర్డుకి రెండు ముక్కలు కలపాల్సి వస్తే పెంకుటింటి పెంకులు గుర్తుచేసుకోండి. కింది ముక్క ముందు, పై ముక్క దాని మీదికి ఒక సెంటీమీటరు. అప్పుడు నీళ్లు జారిపోతాయి. తిప్పి వేస్తే ప్రతి వానకీ అతుకు నోరు తెరుచుకుని నీళ్లు తాగుతుంది.

అక్షరాలు కోసి అంటించేవాళ్లకి ఒక్క మాట. డిజైన్లో పదునైన మూలల్ని ఒక మిల్లీమీటరు గుండ్రం చేయండి. రోడ్డు మీద నుంచి ఎవరికీ తెలియదు. తెలుగు అక్షరాల్లో గుండ్రాలు ఎక్కువ కాబట్టి మనకి సగం పని అవే చేసిపెడతాయి. ఇంగ్లీషు ఏ, వీ లాంటి అక్షరాల కొనలు, మన తలకట్టు చివర చూసుకుంటే చాలు.

అంతా అయ్యాక చేసే పని ఒకటుంది, చాలామంది ఎగ్గొట్టేది కూడా ఇదే. ఈ జిగురు నొక్కితేనే పట్టుకునే రకం. తగిలితే చాలదు, ఒత్తిడి కావాలి. అందుకే మొత్తం బోర్డు అయిపోయాక, స్క్వీజీకి మెత్తటి గుడ్డ అంచు కట్టి, నాలుగు వైపులా అంచుల్ని మాత్రమే మళ్లీ ఒకసారి గట్టిగా నొక్కుకుంటూ రండి. సబ్బునీళ్లు చల్లి అంటించి ఉంటే, అరగంట ఆగి ఇంకోసారి. మధ్యలోంచి తోసిన నీళ్లన్నీ ఆగేది అంచు దగ్గరే కదా. గాలి పోయే సన్నటి గాళ్లున్న ఫిల్మ్ వాడితే ఈ రెండో నొక్కుడు తప్పనిసరి. ఆ గాళ్ల నోళ్లు అంచు దగ్గరే తెరుచుకుని ఉంటాయి, నొక్కితేనే మూసుకుంటాయి.

తర్వాత వదిలేయండి. జిగురు పట్టు మొదటి 24 గంటల్లో పెరుగుతూనే ఉంటుంది. పొద్దున నీడలో అంటించి, ఒక రాత్రి లోపలే ఉంచి, మర్నాడు బిగించడం మంచిది. కడగడం, తుడవడం ఆ రోజు వద్దని కస్టమర్‌కి కూడా చెప్పండి.

ఇవన్నీ చేసినా ఎప్పుడో ఒక మూల లేవొచ్చు. అప్పుడు ఫెవిక్విక్ తీయకండి. అది గట్టిపడి గాజులా అవుతుంది, ఫిల్మ్ మెత్తగా కదులుతుంది, రెండూ కలిసి ఉండలేవు. దాని పక్కనే కొత్తగా లేస్తుంది, పైగా ఆ మచ్చ పోదు. లేచిన ముక్కని దుమ్ము పట్టనంత లోపలి దాకా, పలకకి గీత పడకుండా తేలిగ్గా, వంపుగా కోసి తీసేయండి. కింద ఆల్కహాల్‌తో తుడవండి. అదే రంగు చిన్న ముక్కని, మూలలు గుండ్రం చేసి, పెంకు లెక్కలోనే నీళ్లు జారేలా అంటించి గట్టిగా నొక్కండి. దగ్గరికెళ్తే అతుకు కనిపిస్తుంది, రోడ్డు మీదికి కనపడదు.